కాలికి పెట్టిన గాలి

మా నాయన ఎవర్నీ నమ్మేవాడు కాదు. చిత్తూరులో మాది గోలీసోడా అంగడి. మద్రాసు నుంచి లారీలో గ్యాసు సిలిండరు వస్తే, అది కిందికి దిగకముందే వేళ్ళ కణుపులతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. రెండు చేతులా ఎత్తి బరువు చూసేవాడు. చీల కొంచెం తిప్పి, ఇత్తడి మూతి దగ్గర మంచు పట్టిందో లేదో వేలితో రుద్దేవాడు. చివరికి బీడీ వెలిగించి ఆ గాలికి అడ్డంగా పెట్టేవాడు. బీడీ టక్కున ఆరిపోతే గ్యాసు మంచిది. ఆరకపోతే లారీ డ్రైవరుకు ఆ పొద్దు మూడినట్టే.

"ఉత్త గాలి పట్టిచ్చి పంపినారబ్బా మీ వాళ్ళు. ఉత్త గాలికి బీడీ ఆరుతాదా? నా చెవిలో పువ్వు ఉండాదా, సూడు!" అని వీధంతా వినిపించేటట్టు అరిచేవాడు.

పాలవాడి చెంబులో వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందా అని చూడటం, నిమ్మకాయలు తెచ్చే ఐరాల రైతు గంపను తిరగబోసి అడుగున ఉన్నవి పైకి తీయటం, గుళ్ళో పూజారి ఇచ్చిన టెంకాయ చిప్ప మనదేనా అని తిప్పి చూడటం, ఇవన్నీ ఆయనకు ఊపిరి పీల్చినంత సహజం. చివరికి మా ఇంటి వెనక దొడ్లో పేర్చిన ఖాళీ సీసాలను కూడా ఎవడో ఎత్తుకుపోతున్నాడని అనుమానం. ఇంకా చీకటి ఉండగానే లేచి దొడ్లోకి పోయేవాడు. బకెట్టు చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు వినిపించేవి. "ఏం నాయనా, ఇంత పొద్దున్నే?" అంటే, "బుడ్లు ఎవుడో ఎత్తకపోతాండాడు మే. కాపలా కాస్తాండా" అనేవాడు. దొంగ ఎప్పుడూ దొరకలేదు. వట్టి చాదస్తం అనుకుని నేను దుప్పటి ముసుగు పెట్టేదాన్ని.

అలాగని నేనేమీ తక్కువ తినలేదు. ఆయన కూతుర్నే. అమ్మ పోయాక ఇల్లు, అంగడి నా చేతి మీదుగానే నడిచేవి. ఒక్కతే కూతురినని నా మొగుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నారు. ఆయన సోడాబండి తోలుకుని పల్లెల్లో తిరిగి పొద్దుగూకి వచ్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన్ని తప్ప అందర్నీ అనుమానించేదాన్ని. ఆయన్ని అనుమానించడానికి తీరిక దొరకలేదు.

అంత అనుమానపు ఇంట్లో నేనొక దొంగతనం నడిపాను. పెళ్ళయిన కొత్తలోనే నాకు కడుపు జబ్బు పట్టుకుంది. జిగట, దాంతోపాటు నెత్తురు. కొన్నాళ్ళు తగ్గేది, మళ్ళీ తిరగబెట్టేది. దొడ్లో చివరన కక్కసు ఉండేది. అందరూ పడుకున్నాక ఒకసారి, ఎవరూ లేవకముందు ఒకసారి పోయి, చీకట్లో చేతికందినన్ని నీళ్ళు పోసి వచ్చేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. బేదుల మనిషి కడిగిన సీసాలో సోడా ఎవరు తాగుతారు? ఒక్క నోట పడితే ఊరంతా పాకుతుంది, అంగడి మూసుకోవాల్సిందే. మొగుడికి చెప్పడానికి సిగ్గు. నాయనకు చెప్పడానికి అంతకంటే సిగ్గు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండిపోయాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాత వచ్చిన ఎండాకాలం అది. గ్యాసు పట్టే మిషనులో పెట్టి తిప్పుతుండగా సీసా ఒకటి పగిలింది. మా అంగట్లో అది వింతేమీ కాదు. పైన గోతం కప్పే తిప్పుతాం. అయినా ఒక పెంకు ఎట్లా తప్పించుకుందో, నా ఎడమ కాలికి, మోకాలి కింద ముందు ఎముక మీద గీరుకుంది. చీమ కుట్టినంత. పసుపు అద్ది పనిలో పడ్డాను. నాలుగు రోజులకు అక్కడ చీము పొక్కు లేచింది. అది పగిలింది, పుండయింది. పుండు చుట్టూ వంకాయ రంగు అంచు కట్టింది. ఆ అంచు రోజూ కొంచెం జరిగేది, కింద మాంసం కరిగిపోయేది. నొప్పి ఎట్లా ఉండేదంటే, చీర కుచ్చిళ్ళు తగిలితే పళ్ళు కొరుక్కునేదాన్ని.

వీధి ఊరుకుంటుందా? కుళాయి దగ్గర ఆడవాళ్ళు నా బిందె ముందుకు జరిపి, నన్ను వెనక్కి జరిపారు. "పెద్దరోగమేమో" అని ఒకామె ఇంకొకామె చెవిలో అన్నది నా చెవిన కూడా పడింది. అంగడికి వచ్చేవాళ్ళు తగ్గారు. నాయనకు మాత్రం ఎవరో ఏదో చేయించారని అనుమానం. ఎదురు సోడా అంగడి వాణ్ణి ఆ వేసవంతా గుడ్లురిమి చూశాడు. ఆ తర్వాత పుత్తూరుకు తీసుకుపోయాడు. అక్కడ విరిగిన ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన కాలు చూసి, "ఎముక బాగుండాదప్పా. ఇది మా పని కాదు, పెద్ద డాక్టరుకు సూపించు" అని పంపేశాడు. ఆ మాట కూడా నాయన నమ్మలేదు. దోవ పొడుగునా "ఏదో తెలిసే చెప్పలేదు వాడు" అని గొణిగాడు.

ఊళ్ళో ఒక ప్రైవేటు డాక్టరు, కుళ్ళిందంతా తీసేస్తే మానుతుందని చెప్పి, మత్తిచ్చి గీకేశాడు. కట్టు విప్పేసరికి పుండు రెండింతలయింది. మళ్ళీ గీకాడు. మళ్ళీ పెరిగింది. మూడోసారి ఆయన కత్తి పక్కన పెట్టి, "మోకాలి కింద తీసేస్తే ప్రాణానికి ఢోకా ఉండదు" అన్నాడు. ఒంటికాలితో సీసాలు కడగొచ్చు, మిషను తిప్పలేను. నాకు మొదట అదే తోచింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. నాయన నన్ను భుజం పట్టుకుని లేపి, నేరుగా తిరుపతి బస్సెక్కించాడు.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు. కళ్ళద్దాలు, కోస్తా మాట. ఆయన నా పుండును ముట్టుకోలేదు. వంగి చూశాడు, వాసన చూశాడు, చుట్టూ తిరిగి చూశాడు. కత్తి తీయొద్దని నర్సుకు చెప్పాడు. "దీన్ని కెలికితే పెరుగుతుందమ్మా. దీని గుణమే అది" అన్నాడు.

నాయన నా చెవిలో, "ముట్టుకోని డాక్టరు ఏం డాక్టరు మే? సదువు రాకపోతే గదా ముట్టుకోడు!" అన్నాడు. నాకూ అదే అనిపించింది.

ఆ తర్వాత డాక్టరు ఒక ప్రశ్న వేశాడు. "కడుపు ఎలా ఉంటుందమ్మా? విరేచనాలు, రక్తం, అలాంటివేమైనా ఉన్నాయా?"

కాలు చూపిస్తే కడుపు అడుగుతాడేమిటి? నాయన పక్కనే నిలబడి గోడ కేసి చూస్తున్నాడు. "బాగుండాది సార్. నా కడుపుకేం?" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగంగానే గట్టిగా అనేశాను. డాక్టరు కళ్ళద్దాల మీద నుంచి నన్ను చూశాడు. ఆయనకూ అనుమానం పుట్టిందని అప్పుడే తెలిసింది. నన్ను వార్డులో చేర్చుకుని మర్నాడూ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. పోలీసాయన మాదిరి మాట మార్చి మార్చి అడిగేవాడు. నేను దొంగ మాదిరి ఒకే మాట మీద నిలబడ్డాను.

"సరే. ముందు కాలికి ఆక్సిజన్ పెట్టి చూద్దాం" అన్నాడు ఒక రోజు.

ఆ మాట వినగానే పక్కమంచం ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆక్సిజన్ పెట్టారంటే మా వైపు ఒకటే అర్థం. డాక్టర్లు చేతులెత్తేశారు, దూరపు చుట్టాలకు కబురు పెట్టుకోవచ్చు అని. "అయ్యో, ఇంత సిన్న పిల్లకా! కాలికే గదా పుండు?" అని ఆమె నాయన్ని అడిగింది. నాయన ముఖం నల్లబడిపోయింది. నాకు చచ్చేంత భయం వేసింది. కాలు పోతుందనుకుంటే మనిషే పోయేటట్టు ఉన్నానే, నాతో ఎవరూ నిజం చెప్పడం లేదే అనుకున్నాను.

కాని ముక్కుకు ఏమీ పెట్టలేదు. నా కాలిని మోకాలి దాకా ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలో దూర్చి, పైన మెత్తటి గుడ్డ చుట్టి రబ్బరు పట్టీతో కట్టారు. సంచిలోకి ఒక సన్న గొట్టం. గొట్టం అవతల నీళ్ళ సీసా, దాని అవతల నల్లటి పొడుగు సిలిండరు. చీల తిప్పగానే సీసాలో బుడగలు లేచాయి. సంచి పూరీలా పొంగింది. లోపల నా కాలు, నాది కానట్టుగా పడుంది.

"పుండుకు గాలి ఆడక మాంసం చస్తోంది. పైనుంచి ఆక్సిజన్ తగిలితే కొత్త మాంసం పట్టొచ్చు. నేను చదువుకున్న చోట ఒకరిద్దరికి పెట్టి చూశారు" అన్నాడు డాక్టరు.

"పెడితే తగ్గుతాదా సార్?"

"తెలీదమ్మా."

నాయన నన్ను చూశాడు, నేను నాయన్ని చూశాను. తెలీదని చెప్పే డాక్టర్ని మేమిద్దరం చూడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి నాయన నా కాలిని వదిలేసి సిలిండరును పట్టుకున్నాడు. డాక్టరు వెళ్ళగానే కణుపులతో కొట్టి విన్నాడు, కొంచెం ఎత్తి బరువు చూశాడు. మూతి దగ్గర వేలు పెట్టాడు. మంచు లేదు. మర్నాడు పెట్టాడు, అప్పుడూ లేదు. నీళ్ళ సీసాలో బుడగలు చూసి, "నా బిడ్డ కాలికి సోడా పడతా ఉండారు" అని వార్డులో అందరికీ చెప్పాడు. కొన్ని రోజులయ్యాక, ఎవరూ చూడకుండా సిలిండరును కౌగిలించుకుని మళ్ళీ ఒక్క రవ్వ ఎత్తి చూశాడు. దించి, రహస్యంగా నా మంచం దగ్గరికి వచ్చాడు.

"మే, ఇది కాలీ సిలిండరు. వచ్చిన పొద్దు ఎంత బరువుండాదో ఈ పొద్దూ అంతే ఉండాది. ఇన్ని దినాలు గ్యాసు పోతే బరువు తగ్గాల గదా? సల్లగా కూడా ల్యా. యాడనో ఉత్త గాలి కొట్టకొచ్చి మనల్ని ఏమారస్తాండారు."

నేను నమ్మాను. ఎందుకు నమ్మను? గ్యాసు సంగతి నాయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక్క సిలిండరు విషయంలోనూ ఆయన లెక్క తప్పలేదు. అప్పటికి పుండు తగ్గనూ లేదు, పెద్దగా పెరగనూ లేదు. అంచు మాత్రం అదే వంకాయ రంగు. వీళ్ళు ఉత్తుత్తి గాలి పెట్టి రోజులు గడిపి, చివరికి కాలు తీసేస్తారని నాకు రూఢి అయిపోయింది.

"బీడీ పెట్టి సూస్తే తేలిపోతాది" అన్నాడు నాయన.

గోడ మీద బీడీ కాల్చరాదని రాసుంది. బస్సుల్లోనూ అదే రాసుంటుంది, డ్రైవరుతో సహా అందరూ కాలుస్తారు. ఒక మధ్యాహ్నం గాలి పెట్టడం అయిపోయి, నర్సు నా కాలిని సంచిలోంచి తీసి కట్టు కట్టి, చీల కట్టేయడం మరిచి పక్క వార్డులో ఎవరో పిలిస్తే పోయింది. గొట్టం మంచం అంచు మీద బుసబుసమంటూ ఉంది. నాయన తలుపు వైపు ఒకసారి చూసి బీడీ వెలిగించాడు. రెండు దమ్ములు లాగి, నోట్లో ఉన్న బీడీతోనే గొట్టం మీదికి వంగాడు. గ్యాసయితే ఆరాలి, ఉత్త గాలయితే ఆరదు. అంతే కదా మా శాస్త్రం.

బీడీ ఆరలేదు. భగ్గుమంది. తెల్లగా, కళ్ళు జిగేల్మనేటట్టు, దీపావళి మతాబు మాదిరి ఒక్క క్షణంలో పెదవుల దాకా కాలిపోయింది. నాయన "అబ్బా!" అని దాన్ని ఉమ్మేశాడు. అది పడిన చోట దుప్పటికి మంటంటుకుంది, నా కాలికి జానెడు దూరంలో. నేను కాలు లాక్కుని అరిచాను. నర్సు పరుగెత్తుకొచ్చి చీల కట్టేసి, ఆ సీసాలో నీళ్ళే తీసి దుప్పటి మీద కుమ్మరించింది. పొగ, జుట్టు కాలిన కంపు. నాయన మీసం ఒక పక్క ఉంది, ఇంకో పక్క లేదు.

డాక్టరు వచ్చాడు. అంత మెత్తటి మనిషి ముఖం ఎర్రబడింది. "నేను కాలు నిలబెట్టాలని చూస్తుంటే మీరు కాల్చేయాలని చూస్తున్నారా? సంచి కట్టి ఉండగా చేసుంటే ఏమయ్యేదో తెలుసా మీకు?"

"గ్యాసుకు మంట ఆరాల గదా సారూ" అన్నాడు నాయన, కాలిన పెదవి తడుముకుంటూ.

డాక్టరుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మాది సోడా అంగడి అని తెలిశాక, తల పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. "మీ సోడా గ్యాసు నిప్పును చంపుతుంది పెద్దాయనా. ఇది నిప్పును పెంచుతుంది. మీది సిలిండర్లో నీళ్ళ మాదిరి ఉంటుంది, అందుకే బరువు, అందుకే చల్లదనం. ఇది లోపల కూడా గాలే. తరిగినా చేతికి తెలియదు."

నాయన తల వంచుకున్నాడు. అట్లా తల వంచగా నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరు నా వైపు తిరిగాడు. "మీరు నన్ను నమ్మడం లేదు, సరే. నేనూ మిమ్మల్ని నమ్మడం లేదమ్మా. ఈ గాలి ఒక్కటే పెడితే చాలదు. ఇలాంటి పుండు కాలి మీద తేలినా కాలిలో పుట్టదు. చాలామందికి దీని మూలం పేగుల్లో ఉంటుంది. అక్కడ పుండుంటే దానికి వేరే మాత్రలున్నాయి. లేనప్పుడు అవి మింగిస్తే చీము ఒళ్ళంతా పాకి చచ్చిపోతారు. అందుకే ఊరికే ఇవ్వలేను. రేపు సర్జన్ గారు వస్తారు. ఆయన చూసి, తీసేయాలంటే తీసేస్తారు. చివరిసారి అడుగుతున్నాను. కడుపు ఎలా ఉంటుంది?"

పక్కమంచం ముసలామె చూస్తోంది. నర్సు చూస్తోంది. మోకాలి కింద ఖాళీ కనిపిస్తూనే ఉంది నాకు. అయినా నా పాడు నోరు, "బాగుం" అని మొదలుపెట్టింది.

"నెత్తురు పోతాది సారూ" అన్నాడు నాయన.

నేను తల తిప్పి చూశాను.

"పెండ్లయిన కాడి నుంచీ పోతాండాది. మద్దెలో కొన్ని దినాలు నిలస్తాది, మళ్ళా మొదులు. ఈ నడుమ మరీ ఎక్కువైపోయింది. జిగట, నెత్తురు, రెండూ."

నాకు ముందు కోపమే వచ్చింది. అందరి ముందరా నా బట్ట లాగినట్టనిపించింది. "నీకెవరు చెప్పినారు? నీకెట్ల తెలుసు?" అని అరిచాను.

నాయన నా ముఖం చూడలేదు. తడిసిన దుప్పటి కేసి చూస్తూ అన్నాడు. "పొద్దన్నే కక్కసు కడిగేది ఎవురనుకుంటివి మే? సీకట్లో నువ్వు పోసే నీళ్ళు యాడికి సాలుతాయి? మీ ఆయన లేసేలోపల, వీదిలో వాళ్ళు దొడ్డి దావలో వచ్చేలోపల, నేనే గదా..." అని ఆపేశాడు.

బకెట్టు చప్పుడు. నీళ్ళు పోసిన చప్పుడు. ఇన్నేళ్ళూ ముసుగు తన్నుకుని విన్నవన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా నాయన పట్టుకుని, పట్టుకున్నట్టు కూడా తెలియనివ్వకుండా, నా వెనకాల అడుగుజాడలు చెరిపేస్తూ వచ్చాడు. నేను రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాను. అంత సిగ్గులోనూ, దాచడానికి ఇంకేమీ లేదన్న సంగతి హాయిగా అనిపించింది.

"నన్నొక మాట అడగొచ్చు గదా నాయనా?"

"ఆడబిడ్డవి. నువ్వు సెప్పనిది నేనెట్ల అడిగేది?"

మర్నాడు సర్జను వచ్చాడు. ఈ డాక్టరు ఆయనకు అడ్డం నిలబడి, కత్తి పెట్టనివ్వలేదు. కింది నుంచి గొట్టం పెట్టి చూసి, పేగుల నిండా పుండ్లున్నాయన్నారు. మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలకు నా ముఖం ఇడ్లీలా ఉబ్బింది, ఆకలి రాక్షసిలా వేసింది. కాలికి గాలి పెట్టడం కూడా ఆపలేదు. సంచి కట్టేటప్పుడు నాయనే పక్కనుండి, ఎవరైనా బీడీతో గుమ్మం దగ్గరికి వస్తే కుక్కను తరిమినట్టు తరిమేవాడు. ముందు నొప్పి తగ్గింది. తర్వాత అంచు వంకాయ రంగు పోయి గులాబీ రంగయింది. అడుగు నుంచి ఎర్రటి మాంసం మెల్లగా పైకి లేచింది. ఇంటికి పంపేటప్పుడు నాయన డాక్టర్ని అడిగాడు, గాలికి మానిందా, మాత్రలకు మానిందా అని.

"నిజం చెప్పాలంటే నాకూ తెలీదు పెద్దాయనా" అన్నాడాయన.

నాకు ఇప్పటికీ తెలీదు. మచ్చ మాత్రం ఉంది, కాగితం నలిపి చాపినట్టు. వాన పట్టిందంటే దురద పెడుతుంది. ఎవరైనా అడిగితే సోడాబుడ్డి పగిలిందని చెబుతాను, అదీ అబద్ధం కాదు.

ఇంటికి వచ్చాక మొగుడికి నేనే చెప్పాను. ఆయన బండి మీంచి ఖాళీ సీసాలు దించుతూ, "ఇంక మీదట బుడ్లు నేను కడుగుతాలే" అన్నాడు. అంగడి మెల్లగా మళ్ళీ నడిచింది. కడుపు కూడా సర్దుకుంది, నెత్తురు నిలిచింది.

ఒక పొద్దున చీకటి ఉండగానే మెలకువ వచ్చింది. దొడ్లో బకెట్టు చప్పుడు. కాలు ఈడ్చుకుంటూ పోయి చూశాను. నాయన కక్కసు ముందు లాంతరు పట్టుకుని, లోపలికి వంగి చూస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున లాంతరును సీసాల వైపు తిప్పాడు. మీసం అప్పటికి రెండు పక్కలా సమంగా పెరిగింది.

"బుడ్లు సూసుకుందామని లేసినా మే" అన్నాడు.

"దొంగ దొరికినాడా నాయనా?"

"ల్యా. ఈ నడుమ రావడం ల్యా. పొయినట్టుండాడు." బకెట్టు బోర్లించి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "అయినా నమ్మేదానికి ల్యా. రేపూ లేసి సూడాల."